ఫోన్‌లో తొలగిస్తే క్లౌడ్‌లోనూ పోయాయి!

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. 2012 నుంచి తీసిన ఫొటోలు, వీడియోలు, పాత ఆల్బమ్‌ల నుంచి స్కాన్ చేయించిన మా పెళ్లి ఫొటోలు అన్నీ కలిపి ఇరవై వేలకు పైగా గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయి. ఫోన్ నిండిపోవడంతో, క్లౌడ్‌లో ఎలాగూ ఉన్నాయన్న ధీమాతో మనవడి అన్నప్రాశన ఫొటోలను ఆ యాప్‌లోనే ఎంచుకుని తొలగించాను. మూడు వారాల తర్వాత చూస్తే అవి కంప్యూటర్‌లోనూ కనబడలేదు. మరోవైపు 15 జీబీ నిండిపోవస్తోందని, ఆ తర్వాత మెయిల్స్ కూడా రావని హెచ్చరిక వస్తోంది. పోయినవి తిరిగి వస్తాయా? ఇంత సామగ్రిని ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆ యాప్‌లో, తొలగించినవి చేరే బుట్ట అయిన బిన్ తెరవండి. బ్యాకప్ అయిన ఫొటోను తొలగిస్తే అది 60 రోజుల పాటు అక్కడే ఉంటుంది. మీరు తొలగించి మూడు వారాలే అయింది గనుక, మధ్యలో బిన్‌ను ఖాళీ చేసి ఉండకపోతే, ఆ ఫొటోలను ఎంచుకుని రీస్టోర్ నొక్కగానే అవి మళ్లీ తమ తేదీల దగ్గరికి చేరుకుంటాయి.

క్లౌడ్‌ను మనం బ్యాంకు లాకరులా ఊహించుకుంటాం. చిక్కంతా అక్కడే వస్తోంది. బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు గూగుల్ ఫొటోస్ యాప్‌కు ఫోనూ క్లౌడూ ఒకే చెరువుకు ఉన్న రెండు రేవుల వంటివి. ఏ రేవులో దిగి తోడినా తగ్గేది ఆ చెరువు నీళ్లే. ఫోన్‌లో చోటు మాత్రమే కావాలనుకున్నప్పుడు వాడవలసింది డిలీట్ కాదు, ‘ఫ్రీ అప్ స్పేస్’. బ్యాకప్ పూర్తయిన వాటిని మాత్రమే ఫోన్ నుంచి తీసివేసే ఈ సదుపాయం క్లౌడ్‌లోని కాపీ జోలికి వెళ్లదు. మీ ఇంట్లో ఐఫోన్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది: ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఒక పరికరంలో తొలగించిన ఫొటో అన్ని పరికరాల్లోనూ పోతుంది, వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజుల గడువే ఉంటుంది.

ఇక 15 జీబీ సంగతి. గూగుల్ ఉచితంగా ఇచ్చే ఈ చోటు ఫొటోలకు మాత్రమే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్‌లోని వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోనే సర్దుకోవాలి. చాలామంది పాత ఫొటోలతో మొదలుపెట్టి, రాత్రుళ్లు కూర్చుని ఒక్కొక్కటీ ఏరి తీసేస్తారు, అయినా అంకె కదలదు. ఎందుకంటే 2021 జూన్ 1కి ముందు ‘హై క్వాలిటీ’ పద్ధతిలో (సైజు కొంత కుదించి) ఎక్కించినవి అసలు లెక్కలోకే రావు. వాటిని తొలగిస్తే జ్ఞాపకం పోవడమే గానీ చోటు మిగలదు. కాబట్టి వీడియోలతో మొదలుపెట్టండి. ‘4కె’ అనే అధిక స్పష్టతతో తీసిన పది నిమిషాల వీడియో ఒక్కటే ఒక జీబీ దాటిపోతుంది. స్టోరేజ్ నిర్వహణ పేజీలో పెద్ద ఫైళ్లను, స్క్రీన్‌షాట్లను, మసకగా వచ్చిన వాటిని విడివిడిగా చూపిస్తారు. అక్కడ ఒక పూట కూర్చుంటే చాలు. గూగుల్ ఫొటోస్‌లో వాట్సాప్ ఫోల్డరు బ్యాకప్‌ను ఆపివేస్తే శుభోదయం బొమ్మల బెడద కూడా తప్పుతుంది. అయితే ఆ ఫోల్డరులో బంధువులు పంపిన మంచి ఫొటోలుంటే ముందుగా వాటిని విడిగా దాచుకోండి.

మీ పెళ్లి ఫొటోల విషయంలో మరో చిక్కు ఉంది. స్కాన్ చేసిన ఫొటో, స్కాన్ చేసిన రోజు కిందికి వెళ్లి కూర్చుంటుంది. వాట్సాప్‌లో వచ్చిన దానికి తీసిన తేదీ వివరమే మిగలదు. కంప్యూటర్‌లో గూగుల్ ఫొటోస్ తెరిచి, ఒక సందర్భానికి చెందిన వాటన్నింటినీ ఒకేసారి ఎంచుకుని తేదీ మార్చవచ్చు. కానీ అలా మార్చిన తేదీ ఫైలు లోపలికి ఎక్కదు. గూగుల్‌లో దాచుకున్నవన్నీ ఒకేసారి దించుకునే ‘టేకౌట్’ సదుపాయం ద్వారా ఫొటోలను దించుకున్నప్పుడు అది పక్కనే ఉండే జేసన్ అనే చిన్న ఫైలులో విడిగా వస్తుంది. అందుకే స్కాన్ ఫైళ్ల పేర్లలోనే ‘1986 పెళ్లి తలంబ్రాలు 03’ అన్నట్లు సంవత్సరం, సందర్భం రాసుకోవడం మేలని నా అభిప్రాయం. ఏ కంపెనీ యాప్‌కు మారినా ఆ పేరు ఫైలును అంటిపెట్టుకునే ఉంటుంది. ఆల్బమ్‌లు ఎన్ని చేసుకున్నా ఫరవాలేదు, ఒకే ఫొటో నాలుగు ఆల్బమ్‌లలో ఉన్నా ఒక్కసారే లెక్కకు వస్తుంది.

ఏడాదికి ఒకసారైనా టేకౌట్‌తో మొత్తం దించుకుని హార్డ్ డిస్కులో ఉంచండి. ఇందుకు మెయిల్‌లో వచ్చే డౌన్‌లోడ్ లింకు గడువు కొద్ది రోజులే గనుక, అది రాగానే ఆ పని పూర్తి చేయాలి.

ఒక్క జాగ్రత్త. తొలగించిన వీడియోల చోటు వెంటనే తిరిగి రావాలంటే బిన్‌ను ఖాళీ చేయాలి. మనవడి ఫొటోలు ప్రస్తుతం ఉన్నదీ ఆ బిన్‌లోనే. అవి వెనక్కి వచ్చాయని కళ్లారా చూసుకున్న తర్వాతే ఆ పనికి పూనుకోండి.