సముద్రపు దొంగలు వస్తే ఓడవాళ్లు ఏం చేస్తారు? ఒక ఫిట్టర్ జవాబు

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదివాను. తమ్ముడికి ఓడలో ఫిట్టర్ ఉద్యోగం వచ్చిందని, ఓడ సోమాలియా పక్క నుంచి పోతుందని తెలిసినప్పటి నుంచి అమ్మ సరిగా తినడం లేదని కల్వకుర్తి నుంచి రాశారు. అంత పెద్ద ఓడలో తుపాకులు ఎందుకు పెట్టుకోరని కూడా అడిగారు. నేనూ ఫిట్టర్‌నే. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో వెల్డింగ్ నేర్చుకుని ఆ పని మీదే ఓడెక్కాను, పదకొండేళ్లు తిరిగాను. ఓడ చుట్టూ కట్టే రక్షణ చాలావరకు నా చేతులతో చేసిన పనే కాబట్టి చెప్పగలను.

దొంగలతో కొట్లాడే పని ఓడవాళ్లకు ఉండదు. వాళ్లు డెక్ మీదికి ఎక్కకుండా ఎంతసేపు ఆపగలమో అంతసేపు ఆపాలి. ఎక్కారంటే ఒక్క మనిషి కూడా వాళ్ల చేతికి దొరకకూడదు. మన దగ్గర పల్లి చేనుకు అడవి పందులు రాకుండా చుట్టూ సర్కారు తుమ్మ కంప వేసి, మంచె మీద రాత్రంతా ఒకరు మేలుకుంటారు కదా. ఓడలోనూ ఆ రెండే ముఖ్యం, కంప, కాపలా.

2011 చివర్లో జోర్డాన్‌లోని అకాబా రేవు నుంచి కాకినాడకు రాక్ ఫాస్ఫేట్ తెస్తున్నాం. మన పొలాల్లో వేసే డీఏపీకి ముడిసరుకు అది. నిండా లోడు కావడంతో ఓడ నీళ్లలోకి బాగా దిగి ఉంది, వేగం 12 నాట్లు, అంటే గంటకు దాదాపు 22 కిలోమీటర్లు. దొంగలు వెతికేది ఇలాంటి ఓడనే. నెమ్మదిగా పోవాలి, అంచు నీళ్లకు దగ్గరగా ఉండాలి. 18 నాట్లు దాటి పోయే ఓడ మీదికి వాళ్లు ఎక్కిన దాఖలా లేదని అప్పట్లో మాకిచ్చిన, దొంగల నుంచి కాపాడుకునే పద్ధతులు చెప్పే బీఎంపీ పుస్తకంలో ఉండేది. మాకు అంత వేగం లేదు. ఆ ఒక్క సంవత్సరమే సోమాలియా దొంగల దాడులు 237 జరిగాయి.

కంపెనీ పంపిన ముళ్ల తీగ చుట్టలు వెనక భాగానికి, ఇరుపక్కలా సగం దూరానికే సరిపోయాయి. సాయుధ కాపలాదార్లను పెట్టమని కెప్టెన్ అడిగితే ఖర్చని కాదన్నారు. 22 మంది ఉన్న ఓడకు అలా చేసినందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఉన్నదాంతోనే నాలుగు రోజులు రాత్రింబవళ్లు పని చేశాం. బ్రిడ్జికి, అంటే ఓడను నడిపే గదికి, పోయే బయటి నిచ్చెనలకు నేను ఇనుప గ్రిల్ తలుపులు చేసి బిగించాను. మేముండే భాగంలో ఒక్క తలుపు వాడకానికి ఉంచి మిగతావాటికి లోపలి నుంచి అడ్డకడ్డీలు పెట్టాను. నిప్పంటుకుంటే లోపలున్నవాళ్లు చేత్తో తీసుకునేలా ఉండాలి, వాటికి వెల్డింగ్ పెట్టకూడదు. ఈ మాట మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి. ఫైర్ హోస్‌లను రెయిలింగుకు కట్టి నీళ్లు బయటికి కొట్టేలా పెట్టాం. కటింగ్ టార్చ్, గ్రైండర్, సుత్తులు అన్నీ లోపల దాచాను. బయట వదిలితే వాటితోనే మా తలుపు కోస్తారు.

సిటడెల్ అంటే అందరూ దాక్కునే గట్టి గది. మాకు ఓడ వెనక చుక్కానిని తిప్పే యంత్రాలుండే స్టీరింగ్ గేర్ రూమే సిటడెల్. అందులో నీళ్లు, బిస్కెట్లు, మందులు, టార్చిలైట్లు, బయట యాంటెన్నా ఉన్న శాటిలైట్ ఫోను పెట్టాం.

సోమాలియాకూ యెమెన్‌కూ మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో రెండో రోజు తెల్లవారుతుండగా వెనక నుంచి రెండు చిన్న పడవలు వచ్చాయి. అక్కడ చేపలు పట్టేవాళ్లూ అలాంటి పడవల్లోనే తిరుగుతారు. కానీ ఒక పడవలో నిచ్చెన కనబడింది. చేపలు పట్టడానికి నిచ్చెన ఎందుకు? అలారం మోగింది. కెప్టెన్ ఇంజిన్‌ను పూర్తి వేగానికి పెంచి, చుక్కానిని కొద్దికొద్దిగా కుడికీ ఎడమకూ తిప్పించసాగాడు. అప్పుడు పక్కల లేచే అలకు చిన్న పడవ ఓడను ఆనుకుని నిలవలేదు.

బ్రిడ్జి మీద ముగ్గురు, సిటడెల్‌లో పద్దెనిమిది మంది. మొత్తం ఇరవై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాం, అంతే. మెస్ కుర్రాడు లేడు. మొదటి ఓడ అతనికి, ఇరవై ఏళ్లుంటాయి. సెకండ్ ఇంజినీర్ పరుగెత్తి చూస్తే కేబిన్‌లో ఫోను కోసం పరుపు కింద వెతుకుతున్నాడట. వాళ్లిద్దరూ వచ్చేదాకా ఆ నాలుగు నిమిషాల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. తలుపు గడియ నా చేతిలో ఉంది. దొంగలు పైకెక్కారని మాట వస్తే వేయాలా, ఆగాలా? దాదాపు ఇరవై నిమిషాల తర్వాత పడవలు వెనక్కి తిరిగాయి. ఆ కుర్రాడిని ఎవరూ తిట్టలేదు.

లెక్క గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఒక్కరు బయట చిక్కినా వాళ్ల నుదుటికి తుపాకీ పెట్టి దొంగలు అందరినీ బయటికి రప్పిస్తారు. నేవీ కమాండోలు కూడా అందరూ లోపల ఉన్నారని తేలితేనే ఓడెక్కడానికి సిద్ధపడతారు. 2024 జనవరిలో లీలా నార్ఫోక్ అనే ఓడ మీద దొంగలు పడ్డప్పుడు 21 మంది సిటడెల్‌లోకి పోయారు, అందులో 15 మంది మనవాళ్లే. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ చెన్నై నుంచి నేవీ మార్కోస్ కమాండోలు ఎక్కి అందరినీ క్షేమంగా బయటికి తెచ్చారు. అదే దొంగల చేతికి చిక్కితే ఏమవుతుందో ఆస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడ కథ చెబుతుంది. 2010 సెప్టెంబరులో పట్టుబడింది. డబ్బు ముట్టాక ఓడను వదిలారు గానీ ఏడుగురు భారతీయులను ఆపేసుకున్నారు. మన నేవీ పట్టుకున్న తమవాళ్లను వదలాలని పట్టుబట్టారు. ఆ ఏడుగురు 2014 అక్టోబరులో గానీ బయటపడలేదు.

ఇక తుపాకుల సంగతి. ఓడ సిబ్బంది చేతికి తుపాకులివ్వడం నాకు అసలు ఇష్టం లేదు. అవతల ఏకే-47లు, రాకెట్ లాంచర్లు ఉంటాయి, మనం వెల్డింగ్, వంట చేసుకునేవాళ్లం. శిక్షణ ఉన్న కాపలాదార్లను పెడితే మంచిదే, చాలా కంపెనీలు పెట్టాయి కూడా. కానీ ఆయుధాలతో రేవులోకి పోవాలంటే ఒక్కో దేశంలో ఒక్కో చట్టం అడ్డొస్తుంది. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరం దగ్గర ఎన్రికా లెక్సీ ఓడ మీదున్న ఇటలీ సైనికులు దొంగలనుకుని కాల్చితే మన జాలర్లు ఇద్దరు చనిపోయారు. నిచ్చెన కనబడే ముందు మాకూ ఆ పడవలు జాలర్లవిగానే తోచాయి.

సింగపూర్ జలసంధిలో భయం వేరు. అక్కడ ఎక్కువగా రాత్రిపూట ఇంజిన్ స్పేర్ల దొంగతనాలు. లైట్లు, తాళాలు, కాపలా బాగుంటే చాలావరకు ఎక్కరు. పశ్చిమ ఆఫ్రికాలో గినియా గల్ఫ్ దగ్గర మనుషులనే ఎత్తుకుపోతారు, అక్కడికి పోయే ఓడైతే సిటడెల్ గురించి ఇంకా గట్టిగా అడగాలి.

తమ్ముడు సంతకం పెట్టేముందు ఏజెంటుకు ఆర్పీఎస్ఎల్, అంటే ఓడలకు మనుషులను పంపే లైసెన్సు, ఉందో లేదో ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్సు లేకపోతే ఎంత జీతం చెప్పినా వద్దు. ఓడెక్కిన మొదటి రోజే తన కేబిన్ నుంచి సిటడెల్ దాకా లైటు లేకుండా ఒకసారి నడిచి చూసుకోమనండి, మెట్లు లెక్కపెట్టుకుంటూ. ఏడెన్ దగ్గర నేవీలు కాపలా కాసే సముద్రపు దారి, ఆ కారిడార్ దాటడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు ఫోను రాకపోవచ్చని అమ్మకు ముందే చెప్పి ఉంచండి. మా అమ్మకు నేను చెప్పలేదు, ఆ రెండు రాత్రులూ ఆమె నిద్రపోలేదట.