సీడీ ఉన్న పాటనే మళ్లీ కొనాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. ఉద్యోగ విరమణ చేశాను. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటల సీడీలు 240 దాకా ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో, కారులో సీడీ పెట్టే చోటే లేదు. అవే ఆల్బంలను ఒక్కొక్కటి 120 రూపాయలకు ఫోనులోకి కొంటున్నాను. నెలకు వెయ్యి అవుతోంది. ఉన్నవే మళ్లీ కొనడమేమిటని మా ఆవిడ అడుగుతోంది. ఇది దుబారానా?

జవాబు: ఈ రెండోసారి డబ్బు శ్రమ తప్పినందుకు ఇస్తున్నారండీ. సీడీ పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే డ్రైవ్ కావాలి, డిస్కులు మారుస్తూ కూర్చోవాలి, పాటల పేర్లు సరిచూడాలి. కొంటే నిమిషంలో ఫోనులో మోగుతుంది. చాలామంది కొనేది అందుకే. తేలవలసిందల్లా ఆ శ్రమకు మీరిస్తున్న ధర ఎంతన్నదే.

అన్నీ కొంటే 28,800 రూపాయలు. యూఎస్‌బీ సీడీ డ్రైవ్, 128 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు ద్వారకానగర్ కంప్యూటర్ దుకాణాల్లో అడగండి. అన్నీ కలిపి 5,000 లోపు రావాలి. సీడీకి పది నిమిషాల చొప్పున 40 గంటల పని. మిగిలేది 23,800, అంటే గంటకు దాదాపు 600 రూపాయలు. చంటిపిల్లలతో, ఉద్యోగంతో సతమతమయ్యేవారు అడిగితే కొనుక్కోమనే చెబుతాను. మీకు తీరిక ఉంది. పేపరు చదువుతూ రోజుకు నాలుగు ఎక్కించినా రెండు నెలల్లో పూర్తవుతుంది.

నాణ్యత తగ్గని ఫ్లాక్ (FLAC) అనే ఫైలు పద్ధతిలో దాచండి. నిండు సీడీ 700 ఎంబీ వరకు ఉంటుంది, ఫ్లాక్‌లో అది దాదాపు సగమవుతుంది. రెండో పెన్‌డ్రైవ్ మీ పిల్లల ఇంట్లోనో, తోబుట్టువుల ఇంట్లోనో ఉంచండి. సొంతంగా వినడానికి ఇలా ఎక్కించుకుంటే భయపడనక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగానికి సముచితమైన వెసులుబాటు ఇచ్చింది. కాపీ ఉంచుకుని సీడీలు అమ్మేయడం మాత్రం వద్దు.

పాతవాటితో మొదలుపెట్టండి. మన సముద్రపు తేమ గాలి వాటికి మంచిది కాదు. అందరూ మెరిసే వైపే కాపాడతారు కానీ, పాట నిలిచే లోహపు పొర బొమ్మ ఉన్న వైపే, పలుచని పూత కింద ఉంటుంది. అటు గీత పడితే ఆ భాగం మళ్లీ రాదు.

పాడైన సీడీలకు బదులుగా తప్పకుండా కొనండి. ఎంపీ3 సీడీల సంగతి వేరు. అందులో ధ్వనిని ముందే కుదించేశారు, ఎక్కించినా మెరుగుపడదు. మీకు ప్రాణమైన కచేరీ అలాంటి దాంట్లో ఉంటే మంచి ప్రతికి 120 పెట్టడం దుబారా కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి: డిజిటల్‌గా కొన్న పాటకు సాధారణంగా వినే అనుమతే దక్కుతుంది, సీడీలా పిల్లలకు ఇచ్చే హక్కు రాదు. కాబట్టి సీడీలు పారేయకండి.

నెలకు 200 రూపాయలు పాటలకు ఉంచుకుని, మిగతా 800 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. అయిదేళ్లలో మీరు కట్టిన అసలే 48,000 అవుతుంది, వడ్డీ అదనం. ఖాతా మీ శ్రీమతి పేరున తెరవండి.