కువైట్‌లో ఇంటి డ్రైవరా, రాజోలులో సొంత ట్యాక్సీయా?

రాజోలు పక్కన సొంతిల్లు, నడుస్తున్న ట్యాక్సీ ఉన్నాయి. కువైట్‌లో 130 దినార్లకి ఇంటి డ్రైవరు పని వచ్చింది, బతుకు ఎక్కడ బాగుంటుంది అని కదా మీరడిగింది.

దినారు 280 రూపాయలనుకుంటే 36,400. జీతం మీద పన్ను లేదు. గది, తిండి సేఠే, అంటే పనిలో పెట్టుకున్న యజమానే, పెడితే ఫోను ఖర్చూ చిల్లర ఖర్చులూ పోను మిగతాదంతా ఇంటికి పంపుకోవచ్చు. ఇక్కడ కిస్తీ, డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు పోయాక, పెళ్లిళ్ల సీజను కాని నెలల్లో ఏం మిగులుతుందో మీ లెక్కల పుస్తకమే చెబుతుంది. డబ్బు వరకూ కువైటే నయం.

కాకపోతే అక్కడ బతుకు జీతాన్ని బట్టి ఉండదండీ, వీసా నంబరుని బట్టి ఉంటుంది. కంపెనీ వాళ్లది 18, మనవాళ్లు షూన్ అంటారు. మీకొచ్చేది 20, అంటే ఖాదిం, ఇంటి పనివాళ్ల వీసా. కుటుంబాన్ని తీసుకెళ్లాలంటే 18 వాళ్లకే 800 దినార్ల జీతం అడుగుతున్నారు, 20 వాళ్లు ఆ మాట మరిచిపోవడమే. 20 నుంచి 18కి మామూలుగా మారనివ్వరు. 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు తెరిచి మళ్లీ మూసేశారు. సేఠుతో పడక బయటికొచ్చేస్తే ఖల్లివల్లి, అంటే పారిపోయినవాడి కింద లెక్క. అప్పుడిక ఆకామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, ఉండదు, ఆసుపత్రికి వెళ్లాలన్నా భయమే.

ఇంటి పనివాళ్లకి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది: రోజుకి 12 గంటలకి మించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికో నెల జీతం. డ్రైవరుకి చిక్కెక్కడంటే, పొద్దున్నే పిల్లల బడి, రాత్రి సేఠుగారి దివానియా (మగవాళ్ల కబుర్ల కూటమి), మధ్యలో మామకి, అంటే ఇంటావిడకి, బజారు. కారు ఆపుకుని ఎదురుచూసే గంటల్ని ఎవరూ పనిగా లెక్కెయ్యరు. జరిమానాలు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. 2025 ఏప్రిల్ నుంచి బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దినార్లు, అంటే సగం జీతం పైనే.

నీళ్ల సంగతికొస్తే, అక్కడ సముద్రపు నీళ్లే శుద్ధి చేసి కొళాయికి ఇస్తారు, ఏడాది పొడుగునా వస్తాయి. గోదావరి ఒడ్డున పుట్టి, ఎండాకాలం కాలువలు కట్టేస్తే టిన్ను నీళ్లు కొనుక్కునేది మనమే! సముద్రం వైపు ఊళ్లలో బోరు వేసినా ఉప్పే. కాకపోతే జూలైలో కువైట్ మేడ మీది ట్యాంకు సలసల కాగుతుంది. గీజరు స్విచ్ కట్టేసి, వేడినీళ్ల కొళాయి తిప్పి స్నానం చెయ్యాలి. గీజరులో నిలవున్న నీళ్లే చల్లగా ఉంటాయి.

నన్నడిగితే, అప్పు తీర్చాలనో ఇల్లు కట్టాలనో లెక్క పెట్టుకుని రెండేళ్లకి వెళ్లండి. ఊరికే "బాగుంటుందట" అని మాత్రం వద్దు.

వెళ్లేటట్టయితే ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే మన ప్రభుత్వ వెబ్‌సైటులో చూడండి. అతను తీసుకోదగ్గది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలడిగితే లేచి వచ్చెయ్యండి. పది పాసవకపోతే మీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సింది; 275 రూపాయలు కట్టి ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు.

వీసా కాగితాన్ని అరబ్బీ చదవగలిగినవాళ్లకి చూపించండి. వృత్తి దగ్గర "సాయిక్", అంటే డ్రైవరు, అని ఉండాలి. అక్కడ ఇంటి పనివాడని రాసుంటే మీకు డ్రైవింగ్ లైసెన్సు రాదు, స్టీరింగు బదులు చీపురు చేతికొస్తుంది.