మన పున్నములకూ పేర్లున్నాయి

అమెరికాలో స్ట్రాబెర్రీ మూన్, వుల్ఫ్ మూన్ అని నెలకో పేరు ఉంది కదా, మనకూ అలాంటివి ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయండీ. మా గుంటూరు వైపు పల్లెలో జ్యేష్ఠ పౌర్ణమి అంటే పంతులుగారికి తెలుసు, మిగతా ఊరికి అది ఏరువాక పున్నమి. జూన్‌లో వచ్చే స్ట్రాబెర్రీ మూన్ చాలా ఏళ్లు ఇదే.

చిన్నప్పుడు ఆ రోజు పొద్దున్నే ఎడ్లను చెరువుకు తోలుకెళ్లి కడిగి, కొమ్ములకు రంగులు పూసేవాళ్లం. నాగలికి పూజ. సాయంత్రం ఊరి మొదట్లో గోగునార తోరణం కడితే రైతులు చెర్నాకోలలతో కొట్టి తెంపేవాళ్లు. చేతికందిన నార తీసుకెళ్లి ఎద్దు మెడలో కట్టడానికి మాలో మాకు పెద్ద గొడవ! ఇప్పుడు మా వీధిలో ఎడ్లు లేవు, ట్రాక్టరుకే పసుపు కుంకుమ పెడుతున్నారు.

మా ఆవిడది కరీంనగర్. వాళ్లకు హోలీ అంటే కాముని పున్నమి. శివుడు మన్మథుణ్ణి కాల్చిన కథ దానిది. ముందు రోజుల్లో పిల్లలు కోలలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి జాజిరి ఆడతారు.

నాకు మాత్రం కోరల పున్నమి ఇష్టం. మార్గశిరంలో వస్తుంది. చిత్రగుప్తుడి సోదరి కోరలమ్మ పేరు చెప్పి మా నాయనమ్మ మినపరొట్టె కాల్చేది. ఒక ముక్క కొరికి మిగతాది కుక్కకు వేయాలి. అలా చేస్తే యముడి కోరలు తప్పుతాయని నమ్మకం. ఒకసారి నేను మొత్తం తినేశాను. పాపం, తిట్టుకుంటూనే పొయ్యి మళ్లీ వెలిగించింది.

పంచాంగంలో పేర్ల లెక్క వేరు. పున్నమినాటి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే నెలకు ఆ పేరు: చిత్త అయితే చైత్రం, విశాఖ అయితే వైశాఖం. కార్తీక పున్నమి రాత్రి చంద్రుడి పక్కన చూడండి, కృత్తికల గుంపు కనిపిస్తుంది. వెన్నెలకు కాస్త వెలవెలబోతుంది, బైనాక్యులర్ ఉంటే మేలు.

బ్లూ మూన్ సంగతీ అడిగారు. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు వస్తే రెండోదాన్ని అలా అంటారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆగస్టు 1న ఒక పున్నమి, నెలాఖరున ఇంకొకటి. మొదటిది అధికమాసంలోది కాబట్టి పండగ లేదు. టీవీల్లో బ్లూ మూన్ అని ఊదరగొట్టిన రెండోదే మన రాఖీ పున్నమి.