పటం తిప్పి చూడు

ప్రశ్న: మాది చెన్నై, విల్లివాక్కం. బి.ఏ. చరిత్ర ఆఖరి ఏడాది. విదేశాల్లో కళాఖండాలకు విలువ కట్టే ఉద్యోగం చేయాలని ఉంది. బొమ్మలు వేయడం రాదు. నాన్నగారేమో "అదేం ఉద్యోగం?" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: వేయడం నాకూ రాదమ్మా. చూడటం రావాలి. లండన్ కోర్సుల ఫీజులు చూసి టెన్షన్ పడకముందే ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లు. కంచు విగ్రహాల గ్యాలరీలో ఒక్క నటరాజు ముందు గంటసేపు నిలబడి, చూసింది చూసినట్టు ఇంగ్లిషులో రాయి. కళా విమర్శకు అదే ఓనమాలు.

విలువ కట్టడం వేరే విద్య. కొత్తలో ఒకాయన "తాతల నాటిది" అంటూ తంజావూరు పటం తెచ్చారు. బంగారు రేకు చూసి మురిసిపోయి, పాతదేనన్నాను. మా గురువుగారు మాట్లాడకుండా పటం తిప్పారు. వెనక ప్లైవుడ్, దాని మీద పాతగా కనిపించాలని పూసిన టీ డికాక్షన్ మరకలు! మేకులకు తుప్పైనా లేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

వస్తువుతో పాటు కాగితాలూ చదవాలి. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న చరిత్రను ప్రావెనెన్స్ అంటారు. శ్రీపురందాన్ గుడి నటరాజును దొంగ కాగితాలు నమ్మి కొన్న ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2014లో తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. మన 1972 పురావస్తువుల చట్టం కూడా చదువు. వందేళ్లు దాటిన విగ్రహాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు.

కళా చరిత్రలో ఎం.ఏ.కి బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ప్రయత్నించు. ఈలోగా నుంగంబాక్కం అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టు. నాన్నగారినీ మ్యూజియానికి తీసుకెళ్లు. శుక్రవారం మాత్రం సెలవు.