యేసును మెస్సీయగా నమ్మినవారు తోరా (మోషే ధర్మశాస్త్రం) ఎందుకు పాటించాలి?

రక్షణ సంపాదించుకోవడానికి మాత్రం కాదు. ఇశ్రాయేలీయులు ముందు ఐగుప్తు నుంచి బయటపడ్డారు, ఆ తర్వాతే సీనాయి దగ్గర ఆజ్ఞలు అందుకున్నారు. ఈ వరుసను తిరగేసినవారినే గలతీ పత్రికలో పౌలు ఖండించాడు. విశ్వాసం ధర్మశాస్త్రాన్ని కొట్టివేయదు, స్థిరపరుస్తుంది అన్నదీ ఆ పౌలే (రోమా 3:31). యేసు మాట ఇంకా సూటిగా ఉంది: ఆకాశం, భూమి గతించేదాకా ధర్మశాస్త్రంలో ఒక పొల్లయినా తప్పిపోదు (మత్తయి 5:18).

అపొస్తలుల కార్యములు 15లో అన్యజనులకు, అంటే యూదులు కాని విశ్వాసులకు, పెట్టినవి నాలుగు నియమాలే కదా అంటారు. 21వ వచనం కూడా చదవండి: మోషే గ్రంథం ప్రతి విశ్రాంతిదినాన సమాజమందిరాల్లో చదువుతున్నారు. అంటే ఆ నాలుగూ తొలిమెట్టు, మిగతావి వారం వారం విని నేర్చుకునేవి.

ఆ నాలుగు నియమాల్లో రక్తం తినకూడదన్నది ఒకటి. మేక నల్ల వేపుడు తినే ఇళ్లు అక్కడే మొదలుపెట్టాలి. తర్వాత లేవీయకాండము 11: చేపకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. కొర్రమీను, బొచ్చె తినొచ్చు; వాలుగ, రొయ్య, పీత వద్దు. విశ్రాంతిదినం శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది, కాబట్టి శనివారం వంట అంతకుముందే ముగించాలి.

కొత్తవాళ్లు అత్యుత్సాహంతో తడబడేది పస్కా దగ్గర, అంటే ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పండుగ దగ్గర. గొర్రెపిల్లను ఇంటి దగ్గర బలిగా కోయకూడదు. దేవుడు ఏర్పరచుకున్న స్థలంలోనే కోయాలని ద్వితీయోపదేశకాండము 16:5-6 చెబుతోంది. ఇప్పుడు యెరూషలేములో ఆ ఆలయం లేదు గనుక పులియని రొట్టె, చేదు ఆకులతో ఆచరించండి.