లూపస్ ఉన్నవాళ్ళు పిల్లల కోసం మందులన్నీ మానేయాలా?

నాలుగేళ్ళుగా లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉంది, హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్, మలేరియాకీ వాడే మాత్ర), మైకోఫెనోలేట్, చిన్న డోసు స్టెరాయిడ్ వాడుతున్నాను, మందులన్నీ మానేసి ఆరు నెలలు ఒంట్లోంచి అదంతా పోయాక పిల్లల సంగతి చూద్దామంటున్నారు అత్తయ్య, ఎవరైనా అలా చేశారా అని అడిగారు మీరు. నాకూ లూపస్ ఉంది, నేను అలా చేయలేదు. మీరూ చేయకండి. మీ అత్తయ్యగారి మాటలో ఆరు నెలలు అన్నదొక్కటే నిజం, అదీ తలకిందులుగా. ఆరు నెలలు అణిగి ఉండాల్సింది జబ్బు. మందు వేసుకుంటూనే, మూత్రంలో ప్రోటీన్ పోకుండా, బీపీ అదుపులో ఉండి, కీళ్ళూ చర్మమూ గొడవ చేయకుండా ఆరు నెలలు గడిస్తే అప్పుడు డాక్టర్లు పచ్చజెండా ఊపుతారు. మందు మానేసి కూర్చుంటే ఆ ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

మీరు చెప్పినవాటిలో ఆపాల్సింది ఒకటే, మైకోఫెనోలేట్. దానివల్ల గర్భం నిలవకపోవచ్చు, బిడ్డకు చెవులు, పెదవి సరిగా ఏర్పడకపోవచ్చు. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపాలి. ఆపడమంటే ఇంట్లో కూర్చుని మానేయడం కాదు. దాని బదులు అజాథయోప్రిన్ లాంటిది పెట్టి, అది మీకు పడుతుందో లేదో, జబ్బు అణిగే ఉందో లేదో డాక్టర్ కొన్ని నెలలు చూస్తారు. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. నాకు జబ్బు కిడ్నీల జోలికి రాలేదు కాబట్టి మైకోఫెనోలేట్ అవసరం పడలేదు.

హెచ్‌సీక్యూ మాత్రం నెల తప్పాక కూడా ఆపకూడదు, కాన్పయ్యాక ఆపకూడదు, పాలిచ్చేటప్పుడూ ఆపకూడదు. స్టెరాయిడ్ అనగానే అందరూ గుండెలు బాదుకుంటారు కదా, మాయలో (బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటాలో) ఉండే ఒక ఎంజైమ్ ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్‌లో చాలా భాగాన్ని బిడ్డకు చేరకముందే పనిచేయకుండా చేస్తుంది. ఇది మా డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మా పెద్ద ఆడపడుచు మాత్రం నేను మాత్ర వేసుకున్నప్పుడల్లా దేవుడి గది వైపు చూసేది.

హెచ్‌సీక్యూ మాత్ర లేకపోతే ఎలా ఉంటుందో నాకు 2020లో తెలిసింది. అప్పుడు నాకు ఐదో నెల. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాటు, పుట్టిల్లు నందిగామ. జనతా కర్ఫ్యూ నాడు సాయంత్రం అందరూ బాల్కనీల్లో పళ్ళాలు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ వెంటనే టీవీ స్క్రోలింగ్‌లో నా మాత్ర పేరు పరుగెత్తడం మొదలైంది. అమెరికాలో ట్రంప్ అప్పటికే దాన్ని కరోనాకి మందని తెగ పొగుడుతున్నాడు. ఇక్కడ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, కరోనా రోగులను చూసే వైద్య సిబ్బందికీ, రోగి ఇంట్లోవాళ్ళకీ ముందుజాగ్రత్తగా ఇవ్వొచ్చని చెప్పింది. చెప్పింది వాళ్ళకైతే ఊరంతా కొనుక్కుంది.

మా ఇంట్లో అప్పటికి షీటున్నర మిగిలింది. మా ఆయన ప్రిస్క్రిప్షన్ పట్టుకుని సందు చివర మెడికల్ షాపుకి వెళ్ళారు. నెలనెలా మాకిచ్చే కుర్రాడే, "లేవన్నా, డబ్బాలకు డబ్బాలు పట్టుకపోయిన్రు" అన్నాడట. మెయిన్ రోడ్డు మీది షాపాయన మాత్ర పేరు వినగానే రెండడుగులు వెనక్కి వేసి, "మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?" అని అడిగాడట. ఇంకొక చోట ఉన్నాయి గానీ ఇవ్వలేదు. మార్చి 25న ప్రభుత్వం ఎగుమతులు ఆపింది, మర్నాడు ఆ మాత్రను షెడ్యూల్ హెచ్1లో పెట్టింది. అంటే ప్రిస్క్రిప్షన్ చూసి, పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలి. మంచి పనే. కానీ ఆ షాపాయన మా ప్రిస్క్రిప్షన్ పాతదని కొత్తది తెమ్మన్నాడు. ఓపీలన్నీ మూసేసిన వారంలో కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తాం? దారిలో లాఠీ పట్టుకున్న కానిస్టేబుల్‌కి ఆ పాత కాగితమే చూపించి ఇంటికొచ్చారు మా ఆయన. కానిస్టేబుల్ దాన్ని పూర్తిగా చదివాడట, షాపువాళ్ళు అంత శ్రద్ధగా చదవలేదు.

మా డాక్టరమ్మ ఫోనులో దొరికారు. కంగారు పడొద్దన్నారు. ఈ మందు ఒంట్లో బాగా నిలవ ఉంటుందట, పూర్తిగా పోవడానికి వారాలు, నెలలు పడుతుందట. దొరికేదాకా రోజు విడిచి రోజు వేసుకోమని చెప్పి, కొత్త ప్రిస్క్రిప్షన్ వాట్సాప్‌లో పంపారు. మీ అత్తయ్యగారు ఒంట్లోంచి పోగొట్టాలంటున్న ఆ నిలవే ఆ రోజుల్లో నన్ను కాపాడింది.

రాత్రి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను, నాకు ఈ జబ్బుంది, కడుపుతో ఉన్నాను, ఎవరి దగ్గరైనా ఉంటే డబ్బిస్తాను అని. గుడ్ మార్నింగ్ ఫొటోలకి ముప్ఫై మంది జవాబిచ్చే గ్రూపులో ఒక్కరూ పలకలేదు. పొద్దున్నే మూడో అంతస్తు అంకుల్ ఫోన్ చేశారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారాయన. "అమ్మా, మావాడు డల్లాస్ నుంచి చెబితే కొనిపెట్టాను. నాలుగు షీట్లున్నాయి. రెండు నీకిస్తా, రెండు మాకుంచుకుంటాం, మీ ఆంటీకి షుగరు కదా" అన్నారు. మెట్లెక్కి రావొద్దని, కూరగాయలు తీసుకునే బుట్టకి తాడు కట్టి బాల్కనీలోంచి దించారు. బుట్టంతా శానిటైజర్ వాసన. అందులో రెండు షీట్లు, వాటి పక్కన రెండు నిమ్మకాయలు, సి విటమిన్‌కట. థాంక్స్ అంకుల్ అని పైకి చూసి అరిచాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయనకేం రోగమని నాలుగు షీట్లు? అలాంటి ఇళ్ళు ఎన్ని ఉంటే నా షాపు కుర్రాడి దగ్గర ఖాళీ అయి ఉంటుంది? జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ వాళ్ళు, ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకి ఈ మందు ఉపయోగపడలేదని తేల్చారు. ఆ వారమే మిగతా రెండు షీట్లూ అదే బుట్టలో దిగాయి. ఈసారి నిమ్మకాయలు లేవు.

లాక్‌డౌన్‌లో నాకు కలిసొచ్చినవీ ఉన్నాయి. లూపస్‌కి ఎండ పడదు. ఎండలోకి వెళ్ళొద్దంటే సుకుమారం అని నవ్విన బంధువులంతా ఆ ఏప్రిల్, మే నెలలు నాలాగే ఇంట్లో కూర్చున్నారు. గరికపాడు చెక్‌పోస్టు దాటే వీల్లేక సీమంతం ఆగిపోయింది. అమ్మ ఫోనులో ఏడ్చింది గానీ నాకైతే ప్రాణం లేచొచ్చింది. పట్టుచీరలో మూడు గంటలు కూర్చుని వచ్చినవాళ్ళందరి సలహాలూ వినే బాధ తప్పింది. నన్నడిగితే ఈ జబ్బు తిరగబెట్టడానికి సగం కారణం చుట్టాలే. దీనికి రుజువేమీ అడక్కండి.

సలహాలు ఫోనులో మాత్రం ఆగలేదు. మా పెదనాన్న రోజూ తిప్పతీగ కషాయం తాగమనేవారు, ఇమ్యూనిటీ పెరుగుతుందట. పెదనాన్నా, నా జబ్బే అది, ఉన్న ఇమ్యూనిటీయే అదుపు తప్పి నన్ను కొరుక్కు తింటోంది అంటే, "మరి ఇంకా మంచిది, బలంగా ఉందన్నమాట" అన్నారు. ఆయనతో ఏం వాదిస్తాం? మరుసటి ఏడాది ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు పత్రికలో ప్రచురించారు. ఆ వార్త పెదనాన్నకి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి, అంతే.

ఇక మీరు అడగనిది, కానీ తప్పక తెలుసుకోవాల్సింది. గర్భానికి ముందే యాంటీ-రో, యాంటీ-లా యాంటీబాడీల పరీక్షలు, ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్షలు చేయించండి. రెండో రకం ఉంటే గర్భస్రావాలు, రక్తం గడ్డకట్టడం లాంటి ఇబ్బందులు రావొచ్చు, వాటికి ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. నాకు రో పాజిటివ్. ఆ యాంటీబాడీలు తల్లి నుంచి బిడ్డకు చేరి, నూటికి ఇద్దరు పిల్లల్లో గుండె కొట్టుకునే తీరును దెబ్బతీయొచ్చట. అందుకే పదహారో వారం నుంచి ఇరవై ఆరో వారం దాకా బిడ్డ గుండెకి ఎకో (స్కాన్) తీస్తూ ఉంటారు. మిగతా తొంభై ఎనిమిది మంది బాగుంటారుగా అనేవారు మా ఆయన. బల్ల మీద పడుకుని, ఆ స్క్రీన్ చూసే మనిషి ఏమీ మాట్లాడకుండా మౌస్ నొక్కుతూ ఉంటే ఆ తొంభై ఎనిమిది మంది ఎవరికీ గుర్తుకు రారు. కరోనా అని తోడు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. మాట్లాడితే వాళ్ళ సొమ్మేం పోతుంది? "కొట్టుకుంటోందమ్మా, బాగుంది" అని ఒక్క ముక్క చాలు.

గైనకాలజిస్టు రాసింది రుమటాలజిస్టు (లూపస్ చూసే డాక్టర్) చూడరు, ఆవిడ రాసింది ఈవిడ చూడరు. మధ్యలో ఫైలు మోసేది మనం. ఒక డ్యూటీ డాక్టర్ నా ఫైలు తిరగేసి, ఈ మలేరియా మందు ఎందుకు, ఆపేయండి అన్నాడు. అందుకే ఫైలు మొదటి పేజీలోనే రుమటాలజిస్టు చేత పెద్ద అక్షరాలతో, ఈ మందు ఆపకూడదు అని రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి.

ఇంట్లో బీపీ మెషిన్ కొనుక్కోండి. మా డాక్టరమ్మ పన్నెండో వారం నుంచే చిన్న డోసు ఆస్పిరిన్ పెట్టారు, బీపీ పెరిగి గుర్రపువాతం (మూర్ఛలు) దాకా పోకుండా. ఎనిమిదో నెలలో నాకు పాదాలకు నీరొచ్చింది. పక్కింటి ఆంటీ బార్లీ నీళ్ళు తాగమంది, అందరికీ వచ్చేదే అంది. అందరికీ వచ్చేదే, కానీ మనకి అది కిడ్నీల్లో లూపస్ లేచిందేమో, బీపీ వల్లేమో తేల్చాలి. రెండింట్లోనూ మూత్రంలో ప్రోటీనే కనిపిస్తుంది, వైద్యం మాత్రం వేరు. రక్తంలో సీ3, సీ4 అనే ప్రోటీన్ల పరీక్షలు అక్కడ పనికొస్తాయి. నాది చివరికి ఉత్త నీరే అని తేలింది. పరీక్ష చేయించాకే బార్లీ నీళ్ళు తాగాను.

గర్భం వస్తే అదే తగ్గిపోతుంది అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) వాళ్ళ కథ. వాళ్ళలో చాలామందికి గర్భంతో ఉన్నప్పుడు నొప్పులు తగ్గుతాయని ఫిలిప్ హెంచ్ అనే అమెరికా డాక్టర్ 1938లోనే రాశాడు. ఆ దారిలోనే వెళ్ళి కార్టిసోన్ మీద పనిచేసి 1950లో నోబెల్ అందుకున్నాడు. లూపస్ అలా బుద్ధిగా ఉండే రకం కాదు.

ఆగస్టులో పాప పుట్టింది. ఈసీజీ తీశారు, బాగుంది. అక్కడితో అందరికీ నా జబ్బు అయిపోయింది. ఫోన్లన్నీ పాప బరువు గురించే. మూడో నెలలో పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకోలేదు. పాప గౌనుకి టిచ్ బటన్ నొక్కడానికి కూడా బలం చాలలేదు, అమ్మని పిలిచాను. బాలింతకి చలవ చేసిందని చెవుల్లో దూది, వెల్లుల్లి కారం ఇంకో ముద్ద. కాన్పు తర్వాత నెలల్లో లూపస్ తిరగబెట్టడం మామూలే, కానీ అప్పుడు మనల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలని ఎవరికీ తట్టదు. స్టెరాయిడ్ డోసు కొన్నాళ్ళు పెంచారు, తగ్గింది. పాలు మాన్పించాల్సిన పని పడలేదు. కాబట్టి కాన్పు తేదీ తెలిసిన రోజే, ఆ తర్వాత ఆరు వారాలకి రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ కూడా రాయించుకోండి. పాపని ఎవరు చూసుకుంటారో అప్పుడే తేల్చుకోండి.

మైకోఫెనోలేట్ సంగతి ఈ వారమే అడగండి. వెళ్ళేటప్పుడు మీ అత్తయ్యగారిని వెంట తీసుకెళ్ళండి. మేము మా ఆడపడుచుని అలాగే తీసుకెళ్ళాం. మాయ బొమ్మ ఆవిడకి కూడా గీసి చూపించారు. ఇప్పుడు నేను మాత్ర మరిచిపోతే ముందు అరిచేది ఆవిడే.